లాభం, రెండు, మూడు... జావాలో అక్షరాల లెక్క

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే పని చుట్టూ తిరిగాయి. ఒక మాటలో ఫలానా అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) రాసి లెక్కపెట్టడం. ఇరవై ఏళ్లకు పైగా పాలిటెక్నిక్ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. ఈ ఒక్క లెక్క సరిగా వచ్చిన రోజున పిల్లల ముఖాల్లో కనబడే వెలుగు నాకు బాగా తెలుసు. అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. కోడ్‌ను ఇక్కడ మనం పలికేటట్టు తెలుగులో అచ్చువేస్తాం. మీరు టైప్ చేసేటప్పుడు ఫర్, ఇఫ్, ఇంట్ లాంటి జావా మాటలు ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. వేరియబుల్ పేర్లు, అంటే విలువలు దాచుకోవడానికి మనం పెట్టుకునే పేర్లు, మాత్రం తెలుగులో పెట్టినా జావా ఒప్పుకుంటుంది. ఊరు, లెక్క, స్థానం అని నేను పెట్టిన పేర్లు అలాగే ఉంచినా ప్రోగ్రామ్ నడుస్తుంది.

ప్రశ్న: మేడం, నేను భీమవరంలో డిప్లొమా సెకండియర్. ఊరి పేరులో ‘ఏ’ ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే ప్రోగ్రామ్ రాశాను. మొదట రన్ చేస్తే ఎర్రటి అక్షరాలతో ఎర్రర్ వచ్చింది. లూప్‌లో చిన్న మార్పు చేశాక ఎర్రర్ పోయింది కానీ ‘విజయవాడ’కు 3 అంటోంది. ఇంగ్లిష్‌లో రాసి చేత్తో లెక్కపెడితే 4 ఉన్నాయి. ల్యాబ్ ఎక్స్‌టర్నల్ పది రోజుల్లో ఉంది. రెండు కోడ్‌లూ పంపుతున్నాను.

జవాబు: తల్లీ, రెండు కోడ్‌లూ పంపి మంచి పని చేశావు. మొదటిది చెరిపేసి రెండోది మాత్రమే పంపి ఉంటే నీ తప్పు ఎక్కడ పుట్టిందో నాకు తెలిసేది కాదు. నీ మొదటి కోడ్‌లో లూప్ ఇది. నీ ‘ఐ’ని చదవడానికి వీలుగా ‘స్థానం’ అని మార్చాను. లెంగ్త్ అంటే మాట పొడవు, చార్‌ఎట్ అంటే ఆ స్థానంలో ఉన్న అక్షరం, ++ అంటే ఒకటి పెంచడం.

ఇంట్ లెక్క = 0;
ఫర్ (ఇంట్ స్థానం = 0; స్థానం <= ఊరు.లెంగ్త్(); స్థానం++) {
    ఇఫ్ (ఊరు.చార్‌ఎట్(స్థానం) == 'ఏ') లెక్క++;
}

మా తాతగారు తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైస్ మిల్లులో గుమాస్తా. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఆయన ‘ఒకటి’ అనేవారు కాదు, ‘లాభం’ అనేవారు. లాభం, రెండు, మూడు, నాలుగు... పదో కుంచం పోసేసరికి నోట వచ్చే మాట కూడా పదే. మొదటిదాని పేరొక్కటే మారింది, మిగతావి వాటి వాటి అంకెల దగ్గరే ఉన్నాయి. జావాలో అలా కాదు. మొదటి అక్షరం పేరు సున్నా, రెండోదాని పేరు ఒకటి, పదోదాని పేరు తొమ్మిది. కుంచాలు పదే, కానీ ‘పది’ అనే పేరున్న కుంచం కళ్లంలో లేదు.

విజయవాడను ఇంగ్లిష్‌లో రాస్తే పది అక్షరాలు. వాటి పేర్లతో సహా ఒక కాగితం మీద వేద్దాం:

0 వీ, 1 ఐ, 2 జే, 3 ఏ, 4 వై, 5 ఏ, 6 డబ్ల్యూ, 7 ఏ, 8 డీ, 9 ఏ.

లెంగ్త్ 10. నువ్వు ‘స్థానం <= 10’ అన్నావు కాబట్టి లూప్ 0 నుంచి 9 దాకా చక్కగా నడిచి, నాలుగు ఏలనూ లెక్కపెట్టేసి, ఆ తర్వాత లేని 10వ స్థానం తలుపు తట్టింది. అప్పుడు వచ్చిందే ఆ ‘స్ట్రింగ్ ఇండెక్స్ అవుట్ ఆఫ్ బౌండ్స్’. కొత్త జావా అయితే ఆ ఎర్రటి వాక్యంలో రెండు 10లు ఉంటాయి, చూసుకో. ఒకటి నువ్వు అడిగిన స్థానం, రెండోది మాట పొడవు. ఆ రెండూ సమానంగా కనబడితే లూప్ ఒక్క అడుగు ఎక్కువ వేసిందని అర్థం. దాని కింది వరసల్లో ఒకచోట బ్రాకెట్‌లో నీ ఫైల్ పేరు, కోలన్, ఆ పక్కన లైన్ నంబర్ ఉంటాయి. ఎర్రర్ వస్తే పిల్లలు భయపడి కిటికీ మూసేస్తారు. అది తిట్టు కాదమ్మా, అడ్రసు. ఏ వీధి, ఏ ఇంటి నంబరు అన్నీ రాసి ఇస్తోంది.

ఇప్పుడు నీ మార్పు సంగతి. ‘<=’ని ‘<’ చేశావు, అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. భయం కొద్దీ పొడవులోంచి ఒకటి కూడా తీసేశావు: ‘స్థానం < ఊరు.లెంగ్త్() - 1’. అంటే స్థానం 9 కంటే తక్కువ ఉన్నంతవరకే లూప్ నడుస్తుంది. 8 దగ్గర, డీ చూసి, ఆగిపోయింది. విజయవాడ చివరి అక్షరం ఏనే. దాన్ని ముట్టుకోనే లేదు. అందుకే 3.

‘<= లెంగ్త్ - 1’ అన్నా సరే, ‘< లెంగ్త్’ అన్నా సరే, రెండూ ఒకటే. రెండు జాగ్రత్తలూ కలిపి తీసుకుంటేనే చివరి అక్షరం పోతుంది. మొదటి తప్పు కంటే ఈ రెండో తప్పు నాకు ఎక్కువ భయం. మొదటిది అరిచి చెప్పింది. రెండోది నోరెత్తలేదు. విజయవాడ బదులు నువ్వు ‘గుంటూర్’లో ‘యూ’లు లెక్కపెట్టి ఉంటే 2 అని సరైన జవాబే వచ్చేది, ఎందుకంటే దాని చివర ఉన్నది ఆర్. ఆ కోడ్ రికార్డులోకి ఎక్కిపోయేది.

ఎక్స్‌టర్నల్‌కు పది రోజులుంది కదా, రోజూ ఒక ప్రోగ్రామ్‌కు డ్రై రన్ చెయ్యి. కాగితం మీద మూడు నిలువు గీతలు గీసి స్థానం, అక్షరం, లెక్క అని మూడు గళ్లు పెట్టుకో. లూప్ ఒక చుట్టు తిరిగితే ఒక అడ్డ వరస. 0, వీ, 0. తర్వాత 1, ఐ, 0. తర్వాత 2, జే, 0. తర్వాత 3, ఏ, 1. అలా వెళ్తే నీ రెండో కోడ్‌కు చివరి వరస 8, డీ, 3 దగ్గర ఆగిపోతుంది. అక్కడ పెన్సిల్ ఆగినప్పుడు, పక్కన ఇంకా ఒక ఏ మిగిలి ఉందని నీ కళ్లకే కనబడుతుంది. నేను చెప్పక్కర్లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ‘-1’ తీసి, ‘+1’ పెట్టి, మళ్లీ రన్ నొక్కుతూ గడిపే గంట కంటే ఈ అయిదు నిమిషాలు నయం.

ఇంకో చిన్న పరీక్ష ఎప్పుడూ పెట్టుకో. ‘ఏ’ అనే ఒక్క అక్షరమే మాటగా ఇచ్చి చూడు. నీ రెండో కోడ్ దానికి 0 అంటుంది. ఉన్నది ఒక్కటే అక్షరం, అదే ఏ, అయినా 0. తప్పు ఎక్కడుందో వెంటనే బయటపడుతుంది.

ప్రశ్న: మేడం గారూ, విశాఖపట్నంలో ఒక కార్గో ఆఫీసులో పనిచేస్తూ సాయంత్రాలు జావా నేర్చుకుంటున్నాను. మా ఊరు అనకాపల్లి. అందులో నాలుగు ‘ఏ’లుంటే ప్రోగ్రామ్ 3 చెబుతోంది. లూప్ 0 నుంచి లెంగ్త్ కంటే తక్కువ వరకే ఉంది, చాలాసార్లు చూశాను. పెద్ద ఏ, చిన్న ఏ తేడా అని ఎవరో చెబితే లూప్‌కు ముందు ‘ఊరు.టులోయర్‌కేస్();’ అని కూడా రాశాను. అయినా మూడే.

జవాబు: పై ఉత్తరంలో విజయవాడకు 3, మీ అనకాపల్లికీ 3. రెండింటికీ సరైన జవాబు 4. తప్పు జవాబు ఒకటే అయినా కారణాలకు సంబంధమే లేదు చూడండి. అందుకే, జవాబు ఒకటి తగ్గింది కదా అని లూప్ హద్దులు కదపకండి. ఏ అక్షరం లెక్కలోకి రాలేదో ముందు పట్టుకోవాలి.

మీకు చెప్పినవారు సరిగ్గానే చెప్పారు. జావాకు పెద్ద ఏ వేరు, చిన్న ఏ వేరు. జావా లోపల ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఉంటుంది. పెద్ద ఏ నంబర్ 65, చిన్న ఏ నంబర్ 97. మీరు రాసిన లైన్‌లో చిక్కు మరొకటి. జావాలో ఒకసారి తయారైన స్ట్రింగ్, అంటే అక్షరాలు వరసగా కూర్చిన మాట, ఇక మారదు. ‘టులోయర్‌కేస్’ మీ మాటను మార్చదు. చిన్న అక్షరాలతో కొత్త మాట ఒకటి తయారుచేసి మీ చేతికిస్తుంది. మీరు దాన్ని అందుకోలేదు, అది పోయింది. పాత ఊరు పాతగానే ఉంది. ఇలా అందుకోండి: ఊరు = ఊరు.టులోయర్‌కేస్();

కంపైలర్ (మనం రాసిన కోడ్‌ను చూసి నడిచే రూపంలోకి మార్చేది) దీన్ని తప్పని చెప్పదు. అందుకే చాలామంది రోజుల తరబడి దీని దగ్గరే నిలబడిపోతారు. ట్రిమ్, రీప్లేస్ కూడా ఇంతే. స్ట్రింగ్ మీద ఏం చేసినా, ఫలితాన్ని ఎడమ పక్కన ఒక పేరులోకి తీసుకున్నారా లేదా చూసుకోండి.

ప్రశ్న: పెళ్లయ్యాక ఆరేళ్లు ఇంట్లోనే ఉండి మళ్లీ ఉద్యోగం కోసం అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్నాను. ఏ నుంచి జడ్ దాకా ప్రతి అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో 26 గదుల అరేలో లెక్కపెట్టమన్నారు. ‘హైదరాబాద్’ అని ఇవ్వగానే ‘ఇండెక్స్ మైనస్ 25’ అని ఎర్రర్. నేను ఎక్కడా మైనస్ 25 రాయలేదు మేడం.

జవాబు: మీరు రాయలేదమ్మా, మీ తీసివేత రాసింది. గది నంబర్ కోసం ‘అక్షరం - 'ఏ'’ అని రాసి ఉంటారు. చిన్న ఏ నంబర్ 97. ఎర్రర్‌లో వచ్చిన మైనస్ 25కు 97 కలపండి. 72. పెద్ద హెచ్ నంబర్ 72. అంటే హైదరాబాద్‌లో మొదటి అక్షరం దగ్గరే ఆగింది. ఎర్రర్‌లోని అంకె నుంచి వెనక్కి వెళ్లి ఏ అక్షరం తగిలిందో కనుక్కోవచ్చని ఒకసారి చేసి చూశాక, ఆ ఎర్రర్ అంటే మీకు భయం ఉండదు.

ముందు మాటను చిన్న అక్షరాల్లోకి మార్చుకోండి, పై జవాబులో చెప్పినట్టు అందుకోవడం మరిచిపోకుండా. రేపు ఎవరైనా ‘ఈస్ట్ గోదావరి’ అని ఇస్తే మధ్యలో ఖాళీ ఉంది. ఖాళీ నంబర్ 32. అప్పుడు మైనస్ 65 అంటుంది. అందుకని అరేలోకి వెళ్లే ముందే, అక్షరం చిన్న ఏకూ చిన్న జడ్‌కూ మధ్య ఉందో లేదో ఒక ఇఫ్‌తో అడగండి. ఇంకొకటి. కీబోర్డు మీద కొట్టింది చదివే స్కానర్‌తో ‘నెక్స్ట్’ అని చదివితే ‘ఈస్ట్’ ఒక్కటే వస్తుంది, గోదావరి రాదు. ఖాళీలున్న పేరు మొత్తం కావాలంటే ‘నెక్స్ట్‌లైన్’ వాడాలి.

ఆరేళ్ల ఖాళీ గురించి కూడా రాశారు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ప్రోగ్రామ్‌ను, ఈ మైనస్ 25 కథతో సహా మీ మాటల్లో చెప్పండి. ఎర్రర్ చదవడం వచ్చిన మనిషి అని ఎదుటివాళ్లకు తెలుస్తుంది.

ప్రశ్న: లెక్క ఎంతకీ పెరగడం లేదు. (ఈ ఒక్క వాక్యం నాలుగు ఉత్తరాల్లో ఉంది. నలుగురికీ కలిపి చెబుతున్నాను.)

జవాబు: నాలుగు కోడ్‌లూ చూశాను. నాలుగింటిలో నాలుగు కారణాలు.

ఒంగోలు తమ్ముడు ‘లెక్క = లెక్క++;’ అని రాశాడు. కుడి పక్కన ‘లెక్క++’ ముందు పాత విలువ 0ను చేతిలో పట్టుకుంటుంది, తర్వాత లెక్కను 1 చేస్తుంది. ఆ వెంటనే ఎడమ పక్క ‘=’ వచ్చి, చేతిలో ఉన్న పాత 0ను మళ్లీ లెక్కలో పెట్టేస్తుంది. పెరిగిన ఒకటి పోయింది. ఉత్త ‘లెక్క++;’ చాలు.

కరీంనగర్ అమ్మాయి ‘సబ్‌స్ట్రింగ్’తో ఒక్కో అక్షరాన్నీ స్ట్రింగ్‌గా తీసి ‘==’తో పోల్చింది. స్ట్రింగ్‌ల మధ్య ‘==’ అంటే రెండూ ఒకే వస్తువా అని అడగడం, రెండిట్లో ఒకే అక్షరాలున్నాయా అని అడగడం కాదు. అలా అడగాలంటే ‘ఈక్వల్స్’ ఉంది. చార్‌ఎట్‌తో తీస్తే వచ్చేది చార్, అంటే ఒంటరి అక్షరం, దానికి ‘==’ సరైనదే. ఆ పక్కన పెట్టే అక్షరం ఒంటి కొటేషన్లలో ఉండాలి. జంట కొటేషన్లు పెడితే అది స్ట్రింగ్ అయిపోతుంది, కంపైలరే ఆపేస్తుంది.

నెల్లూరు అబ్బాయి సంగతి పైన రెండో ఉత్తరంలాంటిదే. చిన్న అక్షరాల మాటలో పెద్ద అక్షరం వెతికాడు.

నాలుగో ఆయన లెక్కను లూప్ లోపల సున్నా చేశారు. ‘ఇంట్ లెక్క = 0;’ బ్రాకెట్ లోపలికి వెళ్లింది. మా తాతగారు ప్రతి కుంచానికీ కొత్త చీటీ తీసుకుని గీత గీసి, ఆ చీటీ పారేసి, తర్వాతి కుంచానికి మళ్లీ కొత్త చీటీ తీసుకున్నట్టు. చివర ఏ చీటీ చూపిస్తారు? బ్రాకెట్ బయట లెక్క అనే పేరే లేదని కంపైలర్ అంటే, ప్రింట్ లైన్‌ను కూడా లోపలికి లాక్కెళ్లారు. అప్పుడు విజయవాడకు 0 0 0 1 0 1 0 1 0 1 అని పది వరసలు వచ్చాయి. నిలబడి చూస్తే ఆ వరసల్లో నాలుగు ఒకట్లున్నాయి, అంటే పోల్చడం సరిగానే జరుగుతోంది. దాచుకోవడమే జరగడం లేదు. లెక్క పుట్టేది లూప్‌కు ముందు, పెరిగేది లోపల, ప్రింట్ అయ్యేది లూప్ అయ్యాక.

వీటికి తోడు సెమీకోలన్. ఇఫ్ బ్రాకెట్ తర్వాత పొరపాటున సెమీకోలన్ పడితే ఆ ఇఫ్ అక్కడే ముగిసిపోతుంది, కింద ఉన్న లెక్క++ ప్రతి అక్షరానికీ నడుస్తుంది. విజయవాడకు 10 వస్తే, అంటే మాట పొడవే జవాబుగా వస్తే, ముందు ఇఫ్ లైన్ చివర చూడండి. సీ నేర్చుకుని జావాకు వచ్చినవాళ్లకు ఒక ఊరట ఉంది. ఇఫ్‌లో ‘==’ బదులు ‘=’ కొడితే, సీలో అది నిశ్శబ్దంగా నడిచి ప్రతి అక్షరాన్నీ లెక్కలో వేసుకునేది. జావా కంపైలర్ ఒప్పుకోదు, అక్కడికక్కడే చెబుతుంది.

ప్రశ్న: అమ్మా, కొవ్వూరు నుంచి రాస్తున్నాను. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. మనవడి దగ్గర జావా నేర్చుకుంటున్నాను. పద్యపాదం ఇస్తే ఎన్ని అక్షరాలో చెప్పే ప్రోగ్రామ్ రాయాలని కోరిక. ఉత్పలమాల పాదానికి 20 రావాలి. నా లూప్ అంతకు రెట్టింపు దాకా చెబుతోంది. ‘అమ్మ’కే 4 అంటోంది. ‘తెలుగుకు జావా పనికిరాదు తాతా’ అంటున్నాడు మనవడు. నిజమేనా?

జవాబు: నమస్కారం మాస్టారూ. నిజం కాదు. మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను, ఈ ప్రశ్న వేయాల్సినవారే వేశారు. జావా 1995లో బయటికి వచ్చినప్పుడే దాని ‘చార్’ను, రకరకాల లిపుల అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ కోసం, 16 బిట్లతో కట్టారు. అప్పటికే యూనికోడ్‌లో తెలుగు ఉంది. మన లిపికి 3072 నుంచి 3199 దాకా నంబర్లిచ్చారు. కాబట్టి జావాకు తెలుగు వచ్చు. మీరు అక్షరం అనేదీ జావా చార్ అనేదీ ఒకటి కాదు, అంతే.

‘అమ్మ’లో ప్రతి చార్ నంబర్‌నూ ప్రింట్ చేయించి చూడండి. 3077, 3118, 3149, 3118 అని వస్తాయి. 3077 అంటే అ. 3118 అంటే మ. మధ్యలో ఉన్న 3149 పొల్లు. అంటే జావా చూసేది అ, మ, పొల్లు, మ. ‘మ్మ’ అనే ద్విత్వాన్ని మ కింద మ వత్తుగా కలిపి గీసేది తెర మీద ఫాంటు. లోపల మాత్రం విడివిడిగానే ఉంటాయి. గుణింతాలూ అంతే. ‘తెలుగు’ మనకు మూడక్షరాలు. జావాకు త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు. ‘లక్ష్మి’ మనకు రెండు, జావాకు ఏడు.

గుణింతపు గుర్తుల్నీ, సున్నానూ, పొల్లునూ వదిలేసే దారి జావాలో ఉంది. ‘క్యారెక్టర్.ఈజ్‌లెటర్’ అని అడిగితే అచ్చులకూ హల్లులకూ అవునంటుంది, తలకట్టు తర్వాతి గుర్తులకూ పొల్లుకూ కాదంటుంది. కానీ అది ఒక్కటే చాలదు. ‘అమ్మ’కు అప్పుడు 3 వస్తుంది, రెండు మలనూ వేర్వేరుగా లెక్కపెడుతుంది కాబట్టి.

ఇక్కడ మామూలుగా తట్టే ఉపాయం వెనక్కి చూడటం. ‘నా ముందున్నది పొల్లు అయితే నన్ను లెక్కపెట్టకు’ అని. అమ్మ 2, తెలుగు 3, స్త్రీ 1. అన్నీ సరిగా వస్తాయి, మురిసిపోతాం. తర్వాత పద్యంలో ‘చేసెన్’ లాంటి మాట తగులుతుంది. ఛందస్సులో నకారపొల్లు విడిగా అక్షరం కాదు, ముందున్న ‘సె’లో చేరి దాన్ని గురువు చేస్తుంది. ‘చేసెన్’ రెండక్షరాలే. వెనక్కి చూసే లూప్ మాత్రం 3 అంటుంది, ఎందుకంటే నకు ముందు పొల్లు లేదు, తర్వాత ఉంది.

అక్కడ ఆగి మీ పాఠాన్నే గుర్తు చేసుకోండి మాస్టారూ. అచ్చుల్ని ప్రాణాలని, హల్లుల్ని ప్రాణులని వ్యాకరణంలో ఎందుకన్నారు? అచ్చు తోడు లేనిదే హల్లు నిలవదు కనుక. అంటే పాదంలో అక్షరాల్ని లెక్కపెట్టడమంటే ప్రాణాల్ని లెక్కపెట్టడమే. పొల్లు పక్కనున్న హల్లుకు ప్రాణం లేదు. కాబట్టి ముందుకు చూడాలి. ఒక అక్షరం తర్వాత పొల్లు ఉంటే దాన్ని వదిలెయ్యాలి, లేకపోతే లెక్కలో వెయ్యాలి. ‘స్త్రీ’లో స తర్వాత పొల్లు, వదిలాం. త తర్వాత పొల్లు, వదిలాం. ర తర్వాత దీర్ఘం, వేశాం. ఒకటి. ‘చేసెన్’లో చ వేశాం, స వేశాం, న వదిలాం. రెండు.

కాకపోతే ముందుకు చూడటంలో ఒక ప్రమాదముంది, అది ఈ పేజీలో మొదటి ఉత్తరంలో భీమవరం అమ్మాయి చేసిన తప్పే. పాదంలో చివరి అక్షరం దగ్గర నిలబడి ‘నా తర్వాత ఏముంది’ అని అడిగితే, తర్వాత ఏమీ లేదు. మళ్లీ అదే ‘అవుట్ ఆఫ్ బౌండ్స్’. అందుకని అడిగే ముందే, చివర ఉన్నామా అని చూసుకోవాలి.

ఇంట్ లెక్క = 0;
ఫర్ (ఇంట్ స్థానం = 0; స్థానం < పాదం.లెంగ్త్(); స్థానం++) {
    ఇఫ్ (క్యారెక్టర్.ఈజ్‌లెటర్(పాదం.చార్‌ఎట్(స్థానం))
        && (స్థానం + 1 == పాదం.లెంగ్త్()
            || పాదం.చార్‌ఎట్(స్థానం + 1) != 3149)) {
        లెక్క++;
    }
}

నిలువు గీతల జంట ‘||’కు అటూ ఇటూ ఉన్న రెండు షరతుల వరస మార్చకండి. ఎడమది నిజమైతే జావా కుడిదాని వైపు చూడనే చూడదు. చివరి స్థానంలో ఉన్నామని ఎడమ పక్కే తేలిపోతే కుడి పక్క చార్‌ఎట్ జరగదు, ఎర్రర్ రాదు. తారుమారు చేస్తే వస్తుంది. మీ మనవడిని కూర్చోబెట్టి ఈ రెండూ అటూ ఇటూ మార్చి, ‘అమ్మ’ అని ఇచ్చి రన్ చేయించండి. ఒక్కసారి కళ్లతో చూస్తే వాడు జన్మలో మరిచిపోడు.

మీ కంప్యూటర్‌లో జావా పాతదైతే ఇంకో చిక్కు రావచ్చు. 2022లో వచ్చిన జావా 18 నుంచి ఫైళ్లను యూటీఎఫ్-8గా, అంటే యూనికోడ్ నంబర్లను బైట్లుగా రాసే ఒక పద్ధతిలో, చదవడం అలవాటు చేశారు. అంతకు ముందువి విండోస్ మీద వేరే పద్ధతిలో చదివేవి. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. పాత జావా ఆ మూడింటినీ మూడు అక్షరాలనుకుంటే, ‘కల’ అనే రెండక్షరాల మాటకు లెంగ్త్ 6 వస్తుంది. కాబట్టి లూప్ జోలికి వెళ్లే ముందు ‘కల’ పొడవు అడిగి చూడండి. 2 వస్తే అంతా బాగున్నట్టే. 6 వస్తే మీ కోడ్‌లో తప్పేమీ లేదు, కంపైల్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పాలి, లేదా కొత్త జావా వేసుకోవాలి.

ఆ తర్వాత ఈ మాటలు వరసగా ఇవ్వండి. అమ్మ 2, స్త్రీ 1, లక్ష్మి 2, చేసెన్ 2, శార్దూలం 3, ఉత్పలమాల 5. ఆరూ సరిపోయాక ఉత్పలమాల పాదం ఇవ్వండి, 20 రావాలి. చంపకమాలకు 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20. నాలుగు వృత్తాలకూ మీకు నచ్చిన పాదాలు ఇచ్చి చూసి, ఎక్కడైనా ఒకటి తగ్గినా పెరిగినా ఆ పాదాన్ని టైప్ చేసింది చేసినట్టే నాకు పంపండి. మీ మనవడు గురులఘువులు కూడా గుర్తించే లూప్ రాస్తానంటే, ఆ కోడ్ కోసం వచ్చే నెల ఈ పేజీలో చోటు ఉంచుతాను.